చీరలు చూసే తాత నా ఆటలోకి వచ్చిన సంగతి

మా ఎదురింటి తాత పోయారని గురువారం పొద్దున ఆయన కోడలు మా గేటు దగ్గర నిలబడి చెప్పింది. లోపలికి రాలేదు. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కింటికి చెప్పడానికి పోయింది. మా నాయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉన్న, పోగును అటూ ఇటూ నడిపే నాడెను పక్కన పెట్టాడు గానీ లేవలేదు. నేను అరుగు మీద లాప్‌టాప్ ముందు ఉన్నాను. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, అనుమానం. ముందురోజు సాయంత్రమే ఆయన పాలల్లో నీళ్లు కలిశాయని పాలాయనతో వాదించడం నా చెవులతో విన్నాను. అలాంటి మనిషి తెల్లారేసరికి ఎలా పోతారు? ఆయనకే ఈ కబురు చెప్పి ఉంటే ఆయన కూడా ఇదే అడిగేవారు. ఇంకో డాక్టరుకు కూడా చూపించమనేవారు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మంచివాళ్లైపోతారు. తాత ఇలాంటి వ్యాసాలు పేపర్లో చదివి, ఇంత మంచివాడని బతికుండగా ఆ వీధిలో ఒక్కరూ ఎందుకు అనలేదో కనుక్కోవాలని అనేవారు. అందుకే నాకు తెలిసింది తెలిసినంత వరకే రాస్తాను. ఆయన పేరు రాయడం లేదు. తన పేరును ఎవరైనా కాగితం మీద రాసుకుంటే ఎందుకు, దేనికి అని అడగడం ఆయనకు అలవాటు.

మాది ధర్మవరం. తాత ఇక్కడి ఒక పట్టుచీరల షాపులో నలభై ఏళ్లు చీరలు చూశారు. నేతగాళ్లు తెచ్చిన చీరను షావుకారు తీసుకునే ముందు ఎవరో ఒకరు దాన్ని పూర్తిగా విప్పి తప్పులు వెతకాలి. ఆ ఒకరు ఈయన. మొదట చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి చూసేవారు. తర్వాత కళ్లు మూసుకుని బొటనవేలిని నేత మీద మెల్లగా జరిపేవారు. ఆ వేలు ఆగిన చోట నేతగాడి మాట కూడా ఆగిపోయేది. చీర తిప్పి ఇచ్చేటప్పుడు ఆయన కోప్పడేవారు కాదు, తిట్టేవారు కాదు. తప్పున్న చోటును మడతకు పైన వచ్చేలా పెట్టి చేతికి ఇచ్చేవారు. అంతే.

నేతగాళ్లు బరువు కోసం గంజి ఎక్కువ పెడతారని ఆయన అనుమానం. ఆయనకు షావుకారు దగ్గర వేరే వాటా ఏదో ఉందని నేతగాళ్ల అనుమానం. మా వీధి ఈ రెండు అనుమానాల మధ్య బతికింది. తాత ఎవరింటికి మగ్గం మీది చీర చూడటానికి వచ్చినా తన సైకిలుకు తగిలించుకున్న సీసాలోని నీళ్లే తాగేవారు. మండే ఎండల్లో కూడా ఎవరిచ్చిన చెంబూ ముట్టుకునేవారు కాదు. అది గర్వమని మా వీధి అనుకుంది. నేనూ అలాగే అనుకుంటూ పెరిగాను.

ఒకసారి ఆయనతో కలిసి మడకశిర బస్సులో పోయాను. ఆయన కూతురిని ఆ ఊరికి ఇచ్చారు. నాకు కాలేజీ పని. బస్సుకు మడకశిర అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. అయినా ఆయన కండక్టరును అడిగారు. కండక్టరు అవునన్నాక డ్రైవరును అడిగారు. తర్వాత మా ముందు సీటులో కూర్చున్న ఆమెను అడిగితే ఆమె కన్నడంలో ఏదో చెప్పింది. దాంతో ఆయనకు కొంచెం నమ్మకం కుదిరింది. ఎందుకు తాతా ఇంతమందిని అడగటం అన్నాను. మొదటి ఇద్దరికీ బస్సు నిండితే చాలని, ఈమెకు ఆ ఊరు చేరడం కావాలని చెప్పారు. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. ఎవరికి ఏం కావాలో చూసి తర్వాత వాళ్ల మాట వినమని నాకు ఏ పుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, పండగకు ముందు, మా నాయన నేసిన చీరను తాత వాపసు ఇచ్చారు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక చోట ముడి తగిలిందన్నారు. నాయన లేదన్నాడు. షావుకారు కూడా వచ్చి వేలు పెట్టి చూసి, నాకేం తగలడం లేదే అన్నాడట. అయినా తాత ఒప్పుకోలేదు. ఆ చీరను నాయన వేరే ఊరి వ్యాపారికి తక్కువకు అమ్ముకున్నాడు. ఆ ఏడాది పండగకు మా ఇంట్లో కొత్త బట్టలు లేవు. నేను కొన్ని నెలలు కాన్వెంటుకు బస్సులో కాకుండా నడిచి పోయాను. ఆ రోజు నుంచి నాయన ఎదురింటి వైపు చూసి మాట్లాడటం మానేశాడు. ఆ ముసలోడు అనేవాడు. అరుగు మీద కూర్చుంటే ఎదురిల్లు కనపడుతుందని పక్కకు తిరిగి కూర్చునేవాడు. మా ఇంటి మీద ఆయనకు ఏదో కక్ష ఉందని నేనూ నమ్మాను. పదకొండేళ్లు నమ్మాను.

ఇక నా పని. నేను బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. మేము ఒక ఆట తయారుచేస్తున్నాం. అందులో యుద్ధాలు, తుపాకులు ఉండవు. ఒక ఊరు ఉంటుంది. ఆడేవాళ్లు ఆ ఊరికి కొత్తగా వస్తారు. ఒక చిన్న ఇల్లు, కొంచెం చేను, ఒక సంచి వేరుశనగ విత్తనం, ఒక పాత మగ్గం ఉంటాయి. పండించుకోవచ్చు, నేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఇల్లు పెద్దది చేసుకోవచ్చు. ఊరివాళ్లతో స్నేహం చేయవచ్చు. రోజూ ఎవరికైనా ఒక మామిడిపండో బెల్లం ముక్కో ఇస్తే వాళ్లకు మన మీద నమ్మకం కొంచెం కొంచెం పెరుగుతుంది.

ఆ కొంచెం ఎంత అన్నది నిర్ణయించడమే నా ఉద్యోగం. చేను ఎన్ని రోజులకు పండాలి, చీర ఎంత పలకాలి, ఇంటికి రెండో గది ఎప్పటికి రావాలి. అన్నీ తొందరగా వచ్చేస్తే ఆడేవాళ్లకు విసుగు పుట్టి వెళ్లిపోతారు. ఆలస్యమైతే కోపం వచ్చి వెళ్లిపోతారు. ఊరిలోకి డబ్బు వచ్చే దారులూ బయటికి పోయే దారులూ సమంగా ఉండాలి. వినడానికి చిన్న విషయం. నాకు ఆరు నెలల గడువు ఇచ్చి, లెక్క కుదిరితే ఉద్యోగం ఖాయం అన్నారు. అయిదో నెల వచ్చినా కుదరలేదు. మేము ఆట ఇచ్చి చూడమన్నవాళ్లు మూడో రోజుకే ఆ ఊరిలో అందరికంటే ధనవంతులైపోయి, కొనడానికి ఏమీ మిగలక, మానేస్తున్నారు. వేరుశనగ ధర ఎక్కువైందని అనుకుని మూడుసార్లు తగ్గించాను. ఏమీ మారలేదు. నాయన మగ్గానికి పని తగ్గిపోయిన ఏడాది అది. నా జీతం పోతే మా ఇంటికి ఇంకో దారి లేదు.

అప్పుడే తాత మా గేటు దగ్గరికి వచ్చారు. షాపులో పని మానేసి, కంటి ఆపరేషను చేయించుకుని, వీధిని కొత్తగా చూస్తున్న రోజులవి. నాయన యాడికి అనే ఊరికి పోయి ఉన్నాడు, నూలు పని మీద. లేకపోతే వచ్చేవారు కారు.

"ఏం పాపా, పొద్దస్తమానం దాని ముందర కూర్చుంటావు. ఏం చేస్తాండావు?"

"ఆట చేస్తాండాం తాతా."

"ఆటకు జీతమిస్తారా? ఎవరు?"

"బెంగళూరు వాళ్లు."

"నువ్వు చూసినావా వాళ్లని?"

"ఫోన్లో చూసినా."

"ఫోన్లో కనపడి, ఫోన్లోనే పని చెప్పి, ఫోన్లోనే దుడ్లు ఏస్తాండారు. ఆడ మనుషులు ఉండారని ఏం నమ్మకం?"

నిజం చెప్పాలంటే కొన్ని పొద్దులు నాకూ అదే అనుమానం వచ్చేది. కంపెనీ మంచిదేనని చూపించడానికి, పరీక్షల కోసం వాళ్లు పంపిన ట్యాబ్‌ను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆట తెలుగులోనే ఉంది, చూడండి అన్నాను. తీసుకునే ముందు దాని మూలన ఉన్న గీత ముందే ఉందని ఒక కాగితం మీద నా చేత రాయించుకున్నారు.

ఆయన ఆట ఆడిన తీరు నేను ఎవరిలోనూ చూడలేదు. ఆట మొదలుకాగానే చేను మీద ఒక బాణం గుర్తు మెరుస్తూ విత్తనం వేయమని చెబుతుంది. ఆయన వేయలేదు. అంత తొందరపెట్టేవాడు ఏదో దాస్తుంటాడన్నారు. మబ్బు గుర్తు వచ్చింది, వాన పడింది, ఆయన వేయలేదు. నాలుగు రోజులకొకసారి వాన పడే ఊరు మన దిక్కున యాడా లేదని, ఇది ఎవరినో మోసం చేయడానికి కట్టిన ఊరని నాకు చెప్పారు. ఊరివాళ్లు ఎదురొచ్చి పండ్లు ఇస్తే తీసుకోలేదు. ముఖం తెలియని మనిషికి పండు ఎందుకు ఇస్తున్నారని నన్ను అడిగారు. కొత్తగా వచ్చిన వాళ్లను సంతోషపెట్టడానికి మేమే అలా పెట్టామని చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు, గంజి ఎక్కువైన చీరను చూసినట్టే ఉంది.

మూడో రోజు ఆయన మళ్లీ గేటు దగ్గర నిలబడ్డారు. ట్యాబ్‌ను పంచెలో చుట్టి పట్టుకున్నారు.

"పాపా, మీ ఊర్లో చీరను ఎవరూ చూడల్యా."

నాకు అర్థం కాలేదు.

"ముందు బాగా నేసినా. తీసుకున్నాడు. మళ్లా చౌక నూలు పెట్టి, తొందర తొందరగా నేసినా. అదే ధరకు తీసుకున్నాడు. మళ్లా సగం నేసి మడత పెట్టి ఇచ్చినా. అదీ తీసుకున్నాడు. ఆ షాపులో మనిషి ఉండాడా, గల్లాపెట్టె ఉండాదా?"

నేను అయిదు నెలలు వేరుశనగ చేనులో వెతికిన చిల్లు అది. ఊరిలోకి డబ్బు కారుతున్నది అక్కడి నుంచి. నేతగాడి కూతురిని. చీరకు ఒక ధర రాశాను గానీ, దాన్ని ఎవరో విప్పి చూడాలని నాకు తట్టలేదు. మా ఇంట్లో ఆ మనిషిని అంతగా తిట్టుకున్నాం, అలాంటి మనిషి లేని ఊరును నేను కట్టేశాను.

ఆ వారం ఆటలో ఒక ముసలాయనను పెట్టాను. షాపులో చాప మీద కూర్చుంటారు. చీర తెస్తే విప్పి చూస్తారు. తొందరలో నేసింది, పోగు తెగింది అయితే తిప్పి ఇస్తారు. మిగతా ఊరివాళ్లలాగా ఆయనకు కానుక ఇస్తే నమ్మకం పెరగదు. ఏది ఇచ్చినా ఒకే మాట అంటారు: నాకు వద్దు, చీర చూపించు. ఆయనను పెట్టాక లెక్కలు సర్దుకున్నాయి. మూడో రోజుకే ధనవంతులయ్యేవాళ్లు లేకుండా పోయారు. జనం మెల్లగా నేయడం మొదలుపెట్టారు. ఇల్లు పెద్దది చేసుకోవడానికి వారాలు పట్టింది, అయినా ఎవరూ మానలేదు. ఆ ముసలాయన ఎవరో నేను ఎవరికీ చెప్పలేదు. నాయనకు చెప్పే ధైర్యం లేదు. తాతకు చెప్పడం అంతకంటే కష్టం.

అయితే ఇంకో గొడవ వచ్చింది. ముసలాయన మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఊరిలో అందరూ కరుగుతారు, ఈయన ఒక్కడు కరగడు, ఆట పాడైందా అని అడుగుతున్నారు. కంపెనీలో మా పని చూసే అక్క నాకంటే కొంచెం పెద్దది, మంచిది, మాట మాత్రం నిక్కచ్చి. వీడియో కాల్‌లో ఆమె ఇలా అంది: "ఆయన తలుపు అయితే తాళంచెవి ఉండాలి. లేదు, గోడ అంటావా, తీసేద్దాం. పదో కానుకకైనా ఆయన మెత్తబడాలి."

కాన్వెంటులో సిస్టర్ ప్రశ్న అడిగితే, జవాబు తెలిసినా తల దించుకునే పిల్లను నేను. ఆ రోజు మాత్రం కెమెరా ఆపకుండా, ఆయన కానుకకు లొంగితే ఊరు మళ్లీ మూడో రోజుకే పాడవుతుందని చెప్పాను. ఆమె వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం దాకా సమయం ఇచ్చింది. కానుక కాని తాళంచెవి ఏదైనా తెస్తే సరి, లేకపోతే ముసలాయన పోతారు. చీరల చిల్లు తెరుచుకుంటుంది. నా ఆరో నెల కూడా ఆ వారంతోనే ముగుస్తుంది.

తాళంచెవి వెతకడానికి ఆడేవాళ్ల రికార్డులన్నీ చదివాను. ఒక రికార్డు దగ్గర ఆగిపోయాను. ఒక మనిషి ఆ ముసలాయనకు నలభైకి పైగా కానుకలు ఇచ్చాడు. మామిడిపండ్లు, తేనె, బెల్లం, గొర్రెపిల్ల, చివరికి ఒక ఆవు. అన్నిటికీ అదే జవాబు. అయినా మరుసటి రోజు మళ్లీ ఇచ్చాడు. ఎవరా అని చూస్తే అది మా ఎదురింట్లో ఉన్న ట్యాబ్.

ఆయనకు తెలిసిపోయిందనుకున్నాను. నన్ను వెక్కిరిస్తున్నారేమో అని కూడా అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం నాయన నిద్రపోతున్నప్పుడు వీధి దాటి ఆయన అరుగు దగ్గరికి పోయాను. పదకొండేళ్లలో అదే మొదటిసారి.

"తాతా, ఆ ముసలాయనకు ఏమిటికి అన్ని ఇస్తాండారు?"

"చూస్తాండా. యాడో ఒక తావ వంగుతాడని."

"వంగినాడా?"

"ఇంకా లేదు." ట్యాబ్ వైపు చూసి, "నేనైతే నమ్మను," అన్నారు.

ఎవరా ముసలోడు అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. తర్వాత ఆయన తనంతట తానే ఒక విషయం చెప్పారు. నేను పుట్టకముందు సంగతి. ఆయన కొత్తగా పనిలో చేరిన ఎండాకాలం, మా ఇంటికి మగ్గం మీది చీర చూడటానికి వచ్చారట. మా నాయనకు అప్పుడు మీసాలు కూడా రాలేదు. మగ్గం మీద మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, ఉండేవాడు. మా అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఉప్పు, కొత్తిమీర వేసిన మజ్జిగ. ఆయన తాగారు. చీర చూశారు, బాగుందన్నారు, పోయారు.

"సైకిలెక్కినాక అనుమానమొచ్చింది. చీర బాగుండిందా, మజ్జిగ బాగుండిందా? ఈ పొద్దుకీ తెలీదు పాపా."

ఆ తర్వాత ఆయన ఎవరింట్లోనూ నీళ్లు కూడా తాగలేదు. మా ఇంటి చీర వచ్చినప్పుడు మాత్రం రెండుసార్లు చూసేవారట. మజ్జిగ రుచి నాలుక మీద ఇంకా ఉందేమోనని. చెబుతూ చెబుతూ నాయన చీర దగ్గరికి వచ్చారు.

"నా వేలికి ముడి తగిలింది. షావుకారు లేదన్నాడు. మీ నాయన లేదన్నాడు. తగిలిందో, తగలాలని నేనే అనుకున్న్యానో. మీ నాయన మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. అనుమానమంతా ఈ వేలి మీదనే."

ఆయన కుడి చేతి బొటనవేలిని చూపించారు. పట్టు మీద జరిగి జరిగి నున్నగా అయిపోయిన వేలు. దాని మీద గీతలు కూడా సరిగా లేవు.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. బిడియం ఒక కారణం. ఇంకో కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. నేను ఈ మాట నాయన చెవిన వేస్తానని ఆశపడే ఆయన నాకు చెప్పి ఉంటారని అనుమానించాను. ఎవరికి ఏం కావాలో చూడమని నేర్పింది ఆయనే కదా. సోమ, మంగళ, బుధ గడిచాయి. గురువారం ఆయన కోడలు మా గేటు దగ్గరికి వచ్చింది.

తాత శవం దగ్గరికి నాయన కూడా వచ్చాడు. వీధి చివర దాకా పాడెతో నడిచాడు కూడా. అందరూ వింతగా చూశారు. తిరిగి వచ్చి స్నానం చేసి, మళ్లీ మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. నేయలేదు. అప్పుడు గుంత అంచున కూర్చుని నేను అంతా చెప్పాను. మజ్జిగ, అవ్వ, నున్నటి వేలు, ఆటలో నేను పెట్టిన ముసలాయన, అన్నీ. నాయన పడుగు వైపే చూస్తూ విన్నాడు.

"ఉండింది."

"ఏంది నాయనా?"

"ముడి. కొంగుకు మూరెడు ముందర పోగు తెగింది. పండగ దగ్గరికొచ్చింది, విప్పే తీరిక లేదు. ముడేసి లోపలికి తోసి, పైన గోరుతో రుద్దినా. ఏ నాకొడుకూ కనుక్కోలేడు అనుకున్న్యా."

"మరి ఇన్నేండ్లు ఆయన్ని ఏమిటికి తిట్టినావు?"

"తిడతాంటే ఆ ముడి లేనట్లే ఉంటాండె."

నాయన మీద నాకు కోపం రాలేదు. వస్తుందని ఎదురుచూశాను. తాత వేలు సరిగానే పట్టుకుంది. పదకొండేళ్లు దాన్ని అనుమానిస్తూ ఆయన బతికారు, అది నిజమేనని తెలిసిన మనిషి ఎదురింట్లో పక్కకు తిరిగి కూర్చున్నాడు. నేను ఆదివారమే నాయనకు చెప్పి ఉంటే, నాయన వీధి దాటి ఉండేవాడా? దాటి ఉండేవాడని రాయాలని ఉంది. రాయను. నాకు తెలియదు.

శనివారం ఆయన కోడలు ట్యాబ్ తెచ్చి ఇచ్చింది. మూలన గీత ముందే ఉందట, మామ చెప్పినాడు అని నా నుంచి మాట తీసుకుని మరీ పోయింది. శని, ఆదివారాలు కూర్చుని పని చేశాను. ముసలాయనకు ఒక తాళంచెవి పెట్టాను. చీర ఇచ్చేటప్పుడు ఇప్పుడు రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి, చీర తెచ్చాను. రెండోది, ఇందులో ఒక పోగు తెగింది. చీరలో నిజంగా తప్పు ఉండి, రెండో మాట చెబితే, చీరకు కొంత ధర తగ్గుతుంది. ముసలాయన నమ్మకం ఒక్క గీత పెరుగుతుంది. మరి దేనితోనూ పెరగదు. తప్పు దాచి ఇస్తే కొన్నిసార్లు దొరకదు కూడా. దొరకకుండా పోయే అవకాశాన్ని నేను కావాలనే ఉంచాను.

సోమవారం కాల్‌లో అక్క నా లెక్కలు చూసి అడిగింది: "దొరకని తప్పును ఎవరు చెప్పుకుంటారు? నష్టం కదా."

"మొదట ఎవరూ చెప్పరు అక్కా," అన్నాను.

ఆమె కొంతసేపు తెర మీద ముసలాయన దగ్గర ఆడి చూసింది. చీర ఇచ్చింది, దాచింది, దొరకలేదు. మళ్లీ ఇచ్చింది, దాచింది, దొరకలేదు. మూడోసారి చెప్పేసింది. ఎందుకు చెప్పావని నేను అడగలేదు. ఆయన ఉంటారులే, అంది. తర్వాత నా ఉద్యోగం కాగితాలు ఈ వారం పంపుతానంది. పంపారు కూడా. తాత మాట గుర్తొచ్చి, కంపెనీ ముద్ర సరిగా ఉందా లేదా అని వెలుతురుకు పెట్టి చూశాను.

ఆయన గురించి ఎవరైనా అడిగితే మంచివారని చెప్పాలో కఠినమైనవారని చెప్పాలో నాకు ఇంకా తేలలేదు. నా పనికి దారి చూపింది ఆయనే. అది ఆయన చేసిన సాయం అంటే ఆయన ఒప్పుకోరు. చిల్లు కనపడింది, చెప్పినా, అంటారు. కృతజ్ఞతను కూడా ఆయన చేతికి ఇస్తే తిప్పి చూసి, వెనక ఏముందో వెతికేవారు. అయినా ఇస్తున్నాను.

కాగితాలు వచ్చిన సాయంత్రం నాయన గుంతలోంచి లేచి వచ్చి, ఆ ముసలోణ్ణి యాడ పెట్టినావో చూపించమన్నాడు. ఎప్పుడూ ట్యాబ్ ముట్టుకోని మనిషి. కొత్త ఆట మొదలుపెట్టి ఇచ్చాను. విత్తనం, చేను, మబ్బు, వేటినీ పట్టించుకోకుండా నేరుగా మగ్గం దగ్గరికి పోయాడు. ఆటలో చీర నేయడానికి పోగు పోగుకూ వేలు జరపాలి. గంటసేపు జరిపాడు. ఎక్కడా తొందరపడలేదు. కొంగు దగ్గరికి వచ్చేసరికి ఒక పోగు తెగింది. ఆటలో పోగులు అప్పుడప్పుడూ వాటంతట అవే తెగుతాయి.

నాయన తలెత్తి నన్ను చూశాడు. "నువ్వే తెంపినావా?"

"లేదు నాయనా."

నమ్మాడో లేదో తెలియదు. ముడి వేశాడు, చీర ముగించాడు, మడత పెట్టి షాపుకు తీసుకుపోయాడు. చాప మీద ముసలాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. తెర మీద రెండు మాటలు వచ్చాయి. నాయన ఒకటి చదివాడు, రెండోది చదివాడు. చూపుడువేలు ఎత్తాడు. గోళ్ల సందుల్లో మెరూన్ రంగు, వేలి కొన మీద నూలు కోసిన పాత గాట్లు. ఆ వేలు రెండు మాటల మధ్య, అద్దాన్ని తాకకుండా, ఆగింది.

బొమ్మలు మరీ కదలకుండా ఉంటే ప్రాణం లేనట్టు కనిపిస్తాయని, ఊరిలో అందరికీ కొన్ని క్షణాలకొకసారి రెప్ప వేయడం పెట్టాం. జవాబు చెప్పడానికి గడువు మాత్రం పెట్టలేదు. ముసలాయన రెప్ప వేశారు. నాయన వేలు గాలిలోనే ఉంది. ముసలాయన మళ్లీ రెప్ప వేశారు.